దూరదర్శన్ "ఆనందో బ్రహ్మ" ఎక్కడైనా దొరుకుతుందా? (ధర్మవరపు గారి సీరియల్, సినిమా కాదు)

చీరాల కుర్రాడు:

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నేను అడిగేది తాప్సీ సినిమా గురించి కాదు, యండమూరి నవల గురించి అంతకన్నా కాదు. కేబుల్ రాకముందు రోజుల్లో దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు చేసిన కామెడీ సీరియల్ "ఆనందో బ్రహ్మ". సినిమాల్లో కామెడీ లెక్చరర్‌గా అందరికీ తెలియకముందు ఆయనకి పేరు తెచ్చింది ఇదే. మా వీధిలో అది వచ్చే టైముకి టీవీ ఉన్న ఇంట్లో చాప మీద చోటు దొరికేది కాదు.

ఇప్పుడు వెతుకుదామంటే పేరే శత్రువైపోయింది. యూట్యూబ్‌లో కొడితే 2017లో వచ్చిన దెయ్యాల సినిమా ట్రైలరు, దాని కామెడీ సీన్లు, కిందకి వెళ్తే నవల ఆడియో, ఇంకా కిందకి వెళ్తే ఉపనిషత్తు ప్రవచనాలు. పోనీ ధర్మవరపు కామెడీ అని కొడదామా అంటే సినిమా బిట్లు కుప్పలు కుప్పలు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, ఆహా, ఈటీవీ విన్ అన్నీ చూశాను, నాకైతే తగల్లేదు.

మొదటి నుంచి చివరిదాకా వరసగా చూడాలని ఉంది. డబ్బులు కట్టమన్నా కడతాను. దూరదర్శన్ వాళ్లు ఎప్పుడైనా సీడీలు వేశారా? ఎవరైనా ఇంట్లో రికార్డు చేసుకున్నవాళ్లు ఉన్నారా? లేక టేపులు చెరిపేశారని అందరూ అనేది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. కథలు పెద్దగా గుర్తులేవు గానీ, ఆయన ముఖంలో ఏ భావం లేకుండా, మాట సాగదీసి అనే తీరు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

---

అమృతరావు ఫ్యాన్:

అమృతం చూడు బ్రో. యూట్యూబ్‌లో ఫ్రీ. 300 పైన ఎపిసోడ్లు ఉన్నాయి, ఏడాదంతా సరిపోతాయి.

---

పేరులేని పక్షి:

ఇదిగో, మొదటి జవాబే అమృతం. ఇడ్లీ అడిగితే పూరీ బాగుంటుంది తినండి అనే హోటల్ సర్వర్లు ఇలాగే ఉంటారు.

చీరాల గారూ, వెతికే పద్ధతి కొంచెం మార్చండి. పేరు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు లిపిలో "ఆనంద", "ఆనందో", "ఆనందోబ్రహ్మ" అని కలిపీ విడదీసీ రకరకాలుగా కొట్టాలి. పాత వీడియో పెట్టేవాళ్లు స్పెల్లింగు చూసుకోరు. సినిమా 2017 ఆగస్టులో వచ్చింది కాబట్టి అంతకు ముందు అప్‌లోడ్ అయినవే చూపించమంటే సగం చెత్త పోతుంది. యూట్యూబ్‌లో ఆ ఫిల్టరు సరిగ్గా లేదు గానీ, గూగుల్ వీడియోల్లో తేదీల మధ్య వెతకొచ్చు. తాప్సీ, ట్రైలర్, నవల, ప్రవచనం అనే మాటల ముందు మైనస్ గుర్తు పెట్టి అవన్నీ తీసేయండి.

ఇంకోటి, సీరియల్ పేరుతోనే ఎందుకు వెతకాలి? పెట్టినాయనకి పేరు గుర్తు లేకపోవచ్చు. "దూరదర్శన్ పాత కామెడీ", "డీడీ8 తెలుగు", "పాత టీవీ నాటిక" లాంటివి కూడా కొట్టి చూడండి. నాకు ఇలాగే ఒక పాత నాటిక, "మా తాతయ్య క్యాసెట్ 4" అనే పేరుతో దొరికింది. ఆయన పేరే పెట్టలేదు దానికి, పాపం ఎవరు చూస్తారు అనుకున్నాడో ఏమో.

---

రాత్రి షిఫ్ట్ రవి:

టెలిగ్రామ్‌లో "పాత దూరదర్శన్ సీరియల్స్ అన్నీ" అని ఒక గ్రూపు ఉంది, అందులో ఉండొచ్చు. లింకు కావాలంటే మెసేజ్ చెయ్యండి.

---

పేరులేని పక్షి:

రవి గారూ, ఆ గ్రూపుల సంగతి చూశాం. లోపలికి వెళ్లగానే "ఫుల్ సిరీస్ 199 రూపాయలు, ముందు పంపండి" అంటారు, పంపాక మనల్నే బయటికి తోస్తారు. ఇంకొందరు ఏదో యాప్ ఫైలు వేసుకోమంటారు. ఫోన్లో బ్యాంకు ఉన్నవాళ్లు ఎవరూ ఆ పని చెయ్యకండి. పైగా నిజంగా వాళ్ల దగ్గర ఉంటే ఈ పాటికి ఎవరో ఒకరు యూట్యూబ్‌లో పెట్టి ఉండేవారు, అంత అరుదైన సరుకుని గ్రూపులో దాచుకుని కూర్చునే జనం కాదు వాళ్లు.

---

టేపు మాస్టారు:

ఈ థ్రెడ్ చూసి చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను. నేను దూరదర్శన్ ఉద్యోగిని కాను, కానీ 90ల్లో వాళ్లకి ప్రోగ్రాములు చేసి ఇచ్చే ఒక చిన్న యూనిట్‌లో ఎడిటింగ్ పక్కన పనిచేశాను. కాబట్టి ఈ ఒక్క సీరియల్ గురించి కాదు గానీ, ఆ కాలపు సరుకు ఎలా తయారయ్యేది, ఎక్కడికి పోయేది అన్నది చెప్పగలను.

మొదటి సంగతి, మీరు వెతకాల్సింది వీడియో కాదు, టేపు. టేపు ఎక్కడ ఉండాలో తేలాలంటే ఆ ప్రోగ్రాం డబ్బు ఎవరిదో తెలియాలి. దూరదర్శన్ వాళ్లు సొంతంగా స్టూడియోలో చేసుకున్నవి ఉండేవి. వాళ్లు డబ్బిచ్చి బయటివాళ్లతో చేయించుకున్నవి ఉండేవి, వీటి హక్కులు మామూలుగా దూరదర్శన్‌వే. మూడో రకం స్పాన్సర్డ్. నిర్మాతే సొంత ఖర్చుతో తీసి, టెలికాస్ట్ ఫీజు కట్టి, మధ్యలో సబ్బుల, టీ పొడుల యాడ్లు అమ్ముకుని డబ్బు రాబట్టుకునేవాడు. ఇందులో దూరదర్శన్‌కి ప్రసారం చేసుకునే హక్కే, సరుకు నిర్మాతది. అప్పటి బాగా ఆడిన సీరియళ్లు చాలా వరకు ఈ మూడో రకమే. అలాంటివాటి కోసం దూరదర్శన్‌ని ఎంత బతిమాలినా లాభం లేదు, వాళ్ల దగ్గర టేపు ఉన్నా సరే యూట్యూబ్‌లో పెట్టడానికి హక్కు ఉండదు. మీ సీరియల్ ఏ రకమో ముందు తేల్చుకోండి. టైటిల్స్ చివర్లో నిర్మాత పేరు వేస్తారు. ఎవరికైనా ఒక్క ఎపిసోడ్ దొరికినా చాలు, ఆ చివరి కార్డు చూస్తే సగం పని అయినట్టే.

రెండోది, చెరిపేశారా అన్నారు. అప్పుడు స్టూడియోల్లో వాడింది యు-మాటిక్ రకం వీడియో టేపు, తర్వాత బీటాక్యామ్ రకం. ఒక్కో క్యాసెట్ ఖరీదు మామూలుగా ఉండేది కాదు. ప్రసారం అయిపోయిన టేపుని చెరిపి మళ్లీ వాడుకోవడం అందరూ చేసినదే. దూరదర్శన్‌ని ఒక్కదాన్నే అనక్కర్లేదు, బీబీసీ అంతటిది "డాడ్స్ ఆర్మీ" కామెడీ టేపులు చెరిపేసుకుంది. అందులో రెండు ఎపిసోడ్లు 2001లో బయటివాళ్ల దగ్గర ఫిల్ము ప్రింట్ల రూపంలో దొరికాయి. ఇంకో మూడు ఇవాళ్టికీ లేవు. బీబీసీదే ఇంకో సీరియల్ "డాక్టర్ హూ", పోయిన దాని ఎపిసోడ్లకి అయితే ఇంట్లో టేప్ రికార్డర్ టీవీ ముందు పెట్టి పిల్లలు పట్టుకున్న ఆడియోనే దిక్కయింది. కాబట్టి మీరూ వీడియో క్యాసెట్లే కాదు, ఆడియో క్యాసెట్లు కూడా అడగండి. మన ఇళ్లలో టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసినది) టీవీ పక్కన పెట్టి పాటలు, నాటికలు రికార్డు చేసినవాళ్లు తక్కువేం కాదు, మధ్యలో ప్రెషర్ కుక్కరు విజిల్ కూడా పడుతుంది అందులో.

మూడోది, చెరిపెయ్యకపోయినా టేపు దానంతట అదే పోతుంది. యు-మాటిక్ టేపుల్లో పూత పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి జిగటగా అవుతుంది. ఆడిస్తే కీచుమని శబ్దం చేసి, మెషిన్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుపోతుంది. దాన్ని సన్నటి వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి, ఆ కాస్త వ్యవధిలో కాపీ తీసుకోవాలి. అది వచ్చినవాళ్లు తక్కువ. ఆడించే మెషిన్లు ఇంకా తక్కువ. అందుకని ఎవరి దగ్గరైనా ఉందని తెలిస్తే "చూద్దాంలే, సంక్రాంతికి వెళ్లినప్పుడు" అనుకోకండి.

ఇంకో చిన్న విషయం. ఆ రోజుల్లో తెలుగు దూరదర్శన్ అంటే హైదరాబాద్ కేంద్రం, రామంతాపూర్‌ది. తర్వాత శాటిలైట్ ఛానెల్ డీడీ-8 అయింది, ఆ తర్వాత సప్తగిరి అని పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక సప్తగిరి పేరు విజయవాడకి వెళ్లింది, హైదరాబాద్ ఛానెల్ యాదగిరి అయింది. జనం సప్తగిరి ఛానెల్‌లో వెతికి లేదనుకుని వదిలేస్తారు. పాత హైదరాబాద్ సరుకు కోసం యాదగిరి పేజీ కూడా చూడాలి. ప్రసార భారతి ఆర్కైవ్స్ అని ఇంకో యూట్యూబ్ ఛానెల్ వేరే ఉంది. మూడింటిలోనూ వీడియోలు "పాతవి ముందు" అని పెట్టుకుని దిగండి.

---

న్యూజెర్సీ పిన్ని:

మాస్టారూ భలే చెప్పారు. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. 90ల్లో ఇక్కడికి వచ్చినవాళ్లకి తెలుగు టీవీ ఎక్కడిదండీ? ఇండియన్ కిరాణా కొట్లో పప్పుల పక్కన ఒక బీరువా నిండా క్యాసెట్లు ఉండేవి, వారానికి అద్దెకి తెచ్చుకునేవాళ్లం. సినిమాలే ఎక్కువ. కానీ ఇళ్లల్లో మాత్రం అమ్మలు, అత్తలు దూరదర్శన్ నుంచి రికార్డు చేసి, ఇటు వచ్చేవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ సీసాతో పాటు పెట్టి పంపేవాళ్లు. ఆవకాయ కారి క్యాసెట్ లేబుల్ ఎర్రబడినవి మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

అవి పాల్ టేపులు, అంటే ఇండియా టీవీ పద్ధతిలో పట్టినవి. అమెరికా వీసీఆర్‌లో ఇక్కడి పద్ధతి ఎన్టీఎస్‌సీ తప్ప ఆడదు, పెడితే బొమ్మ ఉరుకుతుంది, నలుపు తెలుపు గీతలు. రెండు పద్ధతులూ ఆడించే మల్టీసిస్టమ్ వీసీఆర్ కొన్నవాళ్లు చూశారు, కొననివాళ్లు తర్వాత చూద్దామని అటక మీద పెట్టేశారు. అంటే చాలా క్యాసెట్లు ఒక్కసారి కూడా ఆడకుండా ఉన్నాయి. ఒక రకంగా అదే మంచిదైంది, ఇండియాలో ఉన్నవైతే మళ్లీ మళ్లీ చూసి, మీద పెళ్లి వీడియోలు రికార్డు చేసేశారు. చీరాల అబ్బాయీ, ఇక్కడి తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట వేయమంటే వేస్తాను. సీరియల్ పేరు రాయను. "దూరదర్శన్ రికార్డింగులు ఉన్న పాల్ క్యాసెట్లు ఉన్నాయా" అని అడుగుతాను. పేరు చెప్తే "లేదండీ" అనేస్తారు, లోపల ఏముందో వాళ్లకే తెలియదు కదా.

---

అమృతరావు ఫ్యాన్:

సరే సరే, తిట్టకండి. కానీ నా పాయింటు ఒకటుంది. అమృతం ఇవాళ దొరుకుతోంది అంటే గుణ్ణం గంగరాజు గారు నిర్మాతగా సరుకు తన చేతిలో పెట్టుకున్నారు కాబట్టి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, తర్వాత వాళ్లే యూట్యూబ్‌లో పెట్టారు, 2020లో జీ5లో కొత్త భాగం కూడా తీశారు. గుండు హనుమంతరావు గారు పోయినా, అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఆయన వేసిన ఆంజనేయుల్ని చూసి నవ్వుతున్నారు. అంతకు పదేళ్ల ముందు తీసినవి మాత్రం గాల్లో కలిసిపోయాయి. మాస్టారు చెప్పిన "ఎవరిది సరుకు" అన్న ప్రశ్నే అన్నిటికీ మూలం అనిపిస్తోంది నాకు కూడా.

---

సికింద్రాబాద్ సిరి:

అందరూ ఆర్టీఐ మర్చిపోయారు. ప్రసార భారతి ప్రభుత్వ సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం కిందకి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ సైట్‌లో 10 రూపాయలు కట్టి ఇంట్లో కూర్చుని వేయొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కానీ "మాకు వీడియో ఇవ్వండి" అని వేస్తే కాపీరైట్ అని చెప్పి ఒక్క వాక్యంలో తిప్పి కొడతారు. రికార్డు అడగాలి. ఫలానా పేరుతో ప్రసారమైన ధారావాహిక ఏ పథకం కింద వచ్చింది, నిర్మాత సంస్థ పేరు ఏమిటి, ప్రసారమైన తేదీలు ఏమిటి, టేప్ లైబ్రరీ జాబితాలో ఎన్ని ఎపిసోడ్లు ఉన్నాయి, అవి ఏ ఫార్మాట్‌లో ఉన్నాయి, డిజిటైజ్ అయ్యాయా. ఒక్కో ప్రశ్న విడిగా, నంబరు వేసి రాయండి. "ఎందుకు పెట్టలేదు", "ఎప్పుడు పెడతారు" లాంటివి అడగకండి, అవి సమాచారం కాదు అంటారు. పాత ప్రసారాల రిజిస్టరు చూడ్డానికి అనుమతి ఇమ్మని కూడా అడగొచ్చు, చట్టంలో ఆ హక్కు ఉంది.

డిజిటైజ్ అయిందని జవాబు వస్తే మాత్రం ఆగకండి. 2024 నవంబర్‌లో ప్రసార భారతి "వేవ్స్" అని సొంత ఓటీటీ మొదలుపెట్టింది. పాత హిందీ సీరియళ్లకే అందులో పెద్దపీట. తెలుగువాళ్లం అడగకపోతే తెలుగు ఎందుకు వస్తుంది? 2020 లాక్‌డౌన్‌లో రామాయణం మళ్లీ వేసింది జనం అడిగితేనే కదా. ఆర్టీఐ జవాబు కాపీ జత చేసి, మీ దగ్గర ఉందని మీరే చెప్పారు, పెట్టండి అని మెయిల్ పంపితే కాదనడం కొంచెం కష్టం.

---

రాత్రి షిఫ్ట్ రవి:

ఒక డౌటు. ఎవరి క్యాసెట్ అయినా దొరికితే యూట్యూబ్‌లో పెట్టొచ్చా? 30 ఏళ్లు అయింది కదా, కాపీరైట్ పోయి ఉంటుంది.

---

సికింద్రాబాద్ సిరి:

పోలేదు. మన చట్టంలో ఇలాంటి వీడియోలకి 60 ఏళ్లు. 90ల్లో వచ్చినదానికి 2050లు దాటాలి. కాపీ తీసి మీ ఇంట్లో దాచుకుంటే ఎవరూ తలుపు కొట్టరు, బయట పెట్టాలంటే హక్కుదారుని అడగడమే మర్యాద. నా అనుభవంలో పాత నిర్మాతలు గానీ వాళ్ల పిల్లలు గానీ అడిగితే సంతోషిస్తారు, చాలాసార్లు వాళ్ల దగ్గరే కాపీ ఉండదు. "మా దగ్గర క్యాసెట్ ఉంది, మీకు కాపీ ఇస్తాం, మీ ఛానెల్‌లోనే పెట్టండి" అంటే ఎవరు వద్దంటారు?

---

చీరాల కుర్రాడు:

అబ్బా, ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థ్యాంక్స్. పక్షి గారు చెప్పినట్టు వెతుకుతున్నా, యాదగిరి పేజీలో పాతవాటి నుంచి మొదలుపెట్టా. ఆర్టీఐ డ్రాఫ్ట్ రాసి సిరి గారికి మెసేజ్ పెడతాను, ఒకసారి చూసి పెట్టండి. పిన్ని గారూ, దయచేసి గ్రూపుల్లో వెయ్యండి.

ఇంకో కబురు. ఈ థ్రెడ్ మా ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా మేనత్త ఫోన్ చేసింది, విజయనగరంలో ఉంటుంది. మావయ్యగారు అప్పట్లో వీసీఆర్ కొని టీవీలో వచ్చేవన్నీ పట్టేవారట, ఒక ట్రంకు పెట్టె నిండా క్యాసెట్లు ఉన్నాయట. కొన్నిటి మీద "నాటికలు" అని, కొన్నిటి మీద "దూ.ద. హాస్యం" అని మావయ్య చేతిరాత ఉందట. ఫోటో పంపింది. లోపల టేపు అంచుల మీద తెల్లగా పిండి చల్లినట్టు ఉంది కొన్నిటికి. ఊళ్లో ఒక ఫోటో స్టూడియో వాడు క్యాసెట్‌కి 300 తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాడట, ఇచ్చేయమంటారా?

---

టేపు మాస్టారు:

వద్దు! తెల్లగా ఉన్నది బూజు. బూజు పట్టిన క్యాసెట్ వీసీఆర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని, ఆ తర్వాత పెట్టే బాగున్న క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. స్టూడియో వాడికి ఇవేవీ పట్టవు. పైగా వాళ్లు చేసేది ఏమిటంటే, చౌక యూఎస్‌బీ ముక్కతో పట్టి, వీడియో సాగదీసి వెడల్పు చేసి, అడుగున కుడిపక్క వాళ్ల స్టూడియో పేరు, ఫోన్ నంబరు వేస్తారు. మా చెల్లెలి పెళ్లి క్యాసెట్ ఒకచోట ఇస్తే తలంబ్రాల మీద నంబరు తిరుగుతూనే ఉంది. ఒకసారి పడితే ఆ కాపీ నుంచి దాన్ని తీయలేం.

అత్తయ్యగారికి ముందు ఇవి చెప్పండి. బూజు ఉన్నవి ఒక పెట్టెలో, లేనివి వేరే పెట్టెలో. తుడవొద్దు, ఎండలో పెట్టొద్దు, వేడి బాగా తగిలితే ప్లాస్టిక్ వంకర పోతుంది. గాలి తగిలే పొడి గదిలో నిలువుగా, పుస్తకాల్లా నిలబెట్టాలి. స్పీకర్ల పక్కన పెట్టొద్దు, లోపల అయస్కాంతం ఉంటుంది. క్యాసెట్ వెనక అంచులో ఎడమ పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయాలి, అప్పుడు పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. లేబుళ్లు పీకొద్దు, ఒక్కోదానికి రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి.

బాగున్నవాటితో మొదలుపెట్టండి. కొత్త వీసీఆర్‌లు ఇక రావు, చివరగా చేస్తున్న కంపెనీ కూడా 2016లో ఆపేసింది, కాబట్టి పాతది బాగు చేయించుకోవడమే దారి. అది దొరికాక ఆడించే ముందు క్యాసెట్ చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పట్టేటప్పుడు వీడియోని సాగదీయొద్దు, పాత టీవీ బొమ్మ ఆకారం 4:3 లోనే, సెకనుకి 25 ఫ్రేముల్లో, ఎంత పెద్ద ఫైలు వచ్చినా అంతే ఉంచండి. గీతలు తీయడం, రంగులు దిద్దడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. యాడ్లు, మధ్యలో "అంతరాయానికి చింతిస్తున్నాము" బోర్డు వచ్చినా కత్తిరించొద్దు. ఏ సంవత్సరమో తేల్చేది ఆ యాడ్లే.

---

న్యూజెర్సీ పిన్ని:

నాలుగు గ్రూపుల్లో వేశాను. ఎడిసన్‌లో ఒకాయన గ్యారేజీలో రెండు అట్టపెట్టెలు ఉన్నాయన్నారు, ఆదివారం వెళ్లి చూస్తాను. మాస్టారూ, ఒక చిన్న సందేహం. ఆయన ఫోటో పంపారు, కొన్నిటి మీద "ఎల్‌పీ" అని రాసుంది. అవి మామూలు వీసీఆర్‌లో ఆడతాయా?

---

టేపు మాస్టారు:

ఎల్‌పీ అంటే సగం వేగంతో పట్టినది, మూడు గంటల క్యాసెట్‌లో ఆరు గంటలు పడుతుంది. అమ్మా, అవే ముందు తీసుకోండి! సినిమా పట్టేవాళ్లు బొమ్మ బాగుండాలని ఎస్పీలో, అంటే మామూలు వేగంలో పట్టేవాళ్లు, ఎల్‌పీలో పట్టింది అంటే వారం వారం వచ్చే సీరియళ్లు వరసగా పట్టి ఉండొచ్చు. పాల్ ఎల్‌పీ ఆడించే మెషిన్ కావాలి, మల్టీసిస్టమ్ వీసీఆర్‌లన్నీ దాన్ని ఆడించవు. కొనే ముందు దాని ముందు ప్యానెల్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. చీరాల గారూ, మీ మావయ్యగారి క్యాసెట్ల మీద కూడా ఎస్పీనా ఎల్‌పీనా అని ఉందేమో అత్తయ్యని చూడమనండి.